ఫిల్టర్ నిండింది సరే, ఎందుకు నిండింది?

ఈ పోస్టు కాఫీ గురించి కాదు, మిరియాల గురించీ కాదు. కారు గురించి. మన పేజీలో కారు గోలేటి అనుకోకండి. రోడ్డు పక్క ఊళ్ళలో ఇప్పుడు సెకండ్ హ్యాండ్ డీజిల్ బండ్లు బాగానే కనిపిస్తున్నాయి. అల్లం మూటలేసుకుని ఎస్.కోట దిగేది వాటిలోనే, జ్వరమొచ్చిన పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళేదీ వాటిలోనే. 2020 ఏప్రిల్ తర్వాత కొన్న బి.ఎస్.6 డీజిల్ బండి అయితే దాని కింద ఒక డబ్బా ఉంటుంది. దాని పేరు డీపీఎఫ్. పొగలో మసిని పట్టే ఫిల్టర్ అది. ఆ డబ్బా వల్ల నేను దాదాపు లక్షా ముప్పై వేలు పోగొట్టుకోబోయాను. అంతకంటే పెద్దదే పోయేది. కాస్త పొడుగు పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

పోయిన చలికాలంలో మీటర్ బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. డబ్బా బొమ్మ, లోపల చుక్కలు. బండి బాగానే పోతోంది, ఇంక ఆ దీపంతో మనకేం పని అనుకున్నాను. పదకొండు రోజులు అలాగే తిప్పాను. ఇది నా మొదటి తప్పు.

పన్నెండో రోజు రాత్రి పదకొండున్నరకి తమ్ముడు తలుపు కొట్టాడు. మరదలికి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్స్‌కి ఫోన్ చేసి ఎదురుచూసే ధైర్యం మాకెవరికీ లేదు. అమ్మని, మరదలిని వెనక కూర్చోబెట్టి అరకు వైపు బయల్దేరాం. గాలికొండ ఎక్కుతుంటే మంచు, ముందు పది అడుగులు కూడా కనిపించడం లేదు. సగం ఘాట్‌లో బండికి ఒక్కసారి బలం పోయింది. ఆక్సిలేటర్ నేలకి తొక్కినా ఇంజిన్ లేవదు. పసుపు దీపం పక్కన ఇంకో దీపం కూడా వెలిగింది. ఇంజిన్ తనని తాను కాపాడుకోవడానికి బలం తగ్గించేసుకుంటుంది, దాన్ని లింప్ మోడ్ అంటారని తర్వాత తెలిసింది. ఆ రాత్రి నాకు తెలిసింది ఒక్కటే, సెకండ్ గేర్ దాటి పోవడం లేదు. వెనక నుంచి మరదలు "బావా, ఆపకండి" అని ఒక్క మాట అంది. ఆపలేదు. నడిచే మనిషి కంటే కాస్త వేగంగా కొండ ఎక్కి, అవతల దిగాం. ఆసుపత్రికి చేరిన నలభై నిమిషాలకి గుంటడు పుట్టాడు. ఇద్దరూ బాగున్నారు. కానీ ఆ బండిలో ఆ కొండ మళ్ళీ రాత్రిపూట ఎక్కాలంటే నాకు చేతులు వణికేవి.

ఆ తర్వాత సిటీలో ఒక పెద్ద వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళాను. పేరు చెప్పను. కంప్యూటర్ పెట్టారు, అరగంటలో కాగితం ఇచ్చారు. ఫిల్టర్ మార్చాలి, 1,28,000 రూపాయలు, బిగించే కూలి వేరే. ఆ ఏడాది మా కాఫీ మీద చేతికొచ్చిన డబ్బు మొత్తం పోసినా అంత కాదు. అక్కడి నుంచి బయటికొస్తే ఇంకో చోట ఇంకొకాయన, "డబ్బా కోసి లోపలిది పీకేస్తాను, కంప్యూటర్‌లో కూడా మార్చేస్తాను, 18 వేలు, జన్మలో దీపం వెలగదు" అన్నాడు. నిజం చెప్తున్నాను, అడ్వాన్స్ ఇవ్వడానికి జేబులో చెయ్యి పెట్టాను. ఆ రోజు ఏటీఎమ్‌లో డబ్బుల్లేక ఆగిపోయాను కానీ నీతి వల్ల కాదు.

నన్ను కాపాడింది మా అక్క కొడుకు. విశాఖలో గ్యారేజీలో పనిచేస్తాడు. పండక్కి ఊరొచ్చినప్పుడు చిన్న స్కానర్ ఒకటి వెంట తెచ్చాడు. నేను కాగితం చూపిస్తే చదివి, "మావయ్యా, ఫిల్టర్ నిండిందని రాశారు సరే, ఎందుకు నిండిందో ఎవరైనా చెప్పారా?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

వాడు చెప్పింది నాకు అర్థమైన భాషలో చెప్తాను. ఆ డబ్బా లోపల పింగాణీ లాంటి ఇటుక ఉంటుంది, అచ్చం తేనెపట్టులాగా సన్నటి గదులు. పక్కపక్క గదుల్లో ఒకదానికి ఈ కొస మూసి ఉంటుంది, పక్కదానికి ఆ కొస. పొగ ఒక గదిలోకి వెళ్తుంది, దారి లేక గోడలోంచి వడకట్టుకుని పక్క గదిలోకి పోయి బయటపడుతుంది. మసి గోడకి అంటుకుపోతుంది. అలా పేరుకున్న మసిని బండి తనే కాల్చుకుంటుంది. ఘాట్ ఎక్కుతున్నప్పుడు పొగ వేడికి కొంత దానంతటదే కాలుతుంది. అది చాలకపోతే ఇంజిన్ కాస్త డీజిల్ ఎక్కువ చిమ్మి ఫిల్టర్‌ని 600 డిగ్రీల దాకా వేడెక్కించి మసి కాల్చేస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. పది నుంచి ఇరవై నిమిషాల పని. అది జరుగుతున్నట్టు మనకి ఎవరూ చెప్పరు. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ చప్పుడు కాస్త పెరగడం, ఫ్యాన్ గట్టిగా తిరగడం, కింద నుంచి కాలిన వాసన, మైలేజీ తగ్గినట్టు చూపడం, ఇవీ గుర్తులు. ఇలాంటప్పుడు ఇంటికొచ్చేశాం కదా అని తాళం తీసేస్తే పని సగంలో ఆగిపోతుంది.

ఇప్పుడు మన తిరుగుడు చూడండి. ఊరి నుంచి రోడ్డుకి మూడు కిలోమీటర్లు, రోడ్డు నుంచి సంతకి రెండు. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేస్తాం. పొద్దున్నే చలికి బండి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఊరికే ఉంచేస్తాం, వేడెక్కుతుందని. అలా నిలబెట్టిన బండిలో పొగ చల్లగానే ఉంటుంది, మసి మాత్రం పేరుకుంటూ ఉంటుంది. ఎస్.కోట దిగుతున్నాం కదా అంత దూరం, అది చాలదా అని నేనూ అడిగాను. దిగేటప్పుడు కాలు తీసి గేర్ మీద వదిలేస్తాం, అప్పుడు ఇంజిన్‌లోకి డీజిలే పోదు, ఉత్త చల్ల గాలి ఫిల్టర్‌లోంచి పోతుంది. వేడెక్కాల్సింది ఇంకా చల్లారిపోతుంది. మనకి మంచిది ఎక్కుడే. బొడ్డవర దాటాక టైడా, డముకు మీదుగా అనంతగిరి దాకా ఆగకుండా వస్తే ఆ డబ్బాకి అంతకంటే మంచి మందు లేదు.

ఇదంతా సరే, కానీ నేను వారానికి ఒకసారైనా ఎస్.కోట నుంచి ఎక్కుతూనే ఉన్నాను. అయినా ఎందుకు నిండింది? వాడి అనుమానం అదే.

స్కానర్ పెడితే రెండు కోడ్‌లు వచ్చాయి. ఒకటి పి2463, మసి ఎక్కువైంది అని. కాగితంలో ఉన్నది అదొక్కటే. రెండోది పి0299, టర్బో గాలి సరిపోవడం లేదు అని. మొదటిది జబ్బు గుర్తు, రెండోది జబ్బు అన్నాడు. గాలి తక్కువైతే డీజిల్ పూర్తిగా కాలదు, మసి వస్తుంది. పొయ్యికి గాలి ఆడకపోతే ఇల్లంతా పొగ నిండినట్టు.

బానెట్ ఎత్తించి నన్ను ఆక్సిలేటర్ తొక్కమన్నాడు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి పోయే లావు రబ్బరు గొట్టం ఉంటుంది. దాని కింది వైపు, క్లిప్పు దగ్గర చేత్తో తడిమి చూశాడు. చేతికి నూనె అంటింది. నాలుగు వేళ్ళంత పొడవు చీలిక. బండి నిలబడి ఉన్నప్పుడు మూసుకుపోయి ఉంటుంది, లోడ్ పడి టర్బో గాలి గట్టిగా తోస్తే తెరుచుకుని బుస్సుమని బయటికి పోతుంది. కొండ ఎక్కేటప్పుడు ఏదో ఈల లాంటి చప్పుడు వస్తోందని మా ఆవిడ నెల నుంచి చెప్తూనే ఉంది. కిటికీ అద్దం సరిగ్గా లేదులే అనేవాణ్ణి.

ఇక్కడ ఒక మాట. పాత జీపుల్లో ఇలా గాలి లీకైతే వెనక నల్లటి పొగ వచ్చేది. వెనక వచ్చే బైక్‌వాడు తిడితే మనకి తెలిసిపోయేది. ఈ బండ్లకి ఆ పొగ బయటికి రాదు, డబ్బా మింగేస్తుంది. ఎక్కడో జరిగిన తప్పుని ఇది మోస్తుంది, చివరికి ఇదే పాడైందని దీన్నే మారుస్తారు. లక్షా ఇరవై ఎనిమిది వేలు పెట్టి కొత్తది పెట్టించి ఉంటే, ఆ చీలిక అలాగే ఉండి, మూడు నెలల్లో అదీ నిండేది.

చీలిన గొట్టం ఒక్కటే కాదు, ఒక్కోసారి ఇంజెక్టర్ కారుతుంది, ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి తెరుచుకునే ఉండిపోతుంది. ఒక్కోసారి ఫిల్టర్ నిండనే నిండదు, కొలిచేది అబద్ధం చెప్తుంది. ఫిల్టర్‌కి ముందొకటి, వెనకొకటి సన్నటి గొట్టాలు ఉంటాయి, అవి ఒక చిన్న సెన్సార్‌కి పోతాయి. రెండు వైపుల ఒత్తిడిలో తేడాని బట్టి ఎంత నిండిందో బండి లెక్క కడుతుంది. ఆ గొట్టం ఎలుక కొరికినా, ఊడినా, మసితో పూడుకున్నా లెక్క తప్పుతుంది. చూడటం తేలిక. తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా స్కానర్‌లో ఆ ఒత్తిడి చూడాలి. గాలే ఆడనప్పుడు సున్నా ఉండాలి, లేదా దాని దగ్గరగా. లేదంటే ముందు సెన్సార్ సంగతి చూడాలి. నా బండిలో సున్నాయే చూపింది. ఇంజిన్ ఊరికే తిరుగుతుంటే 40 మిల్లీబార్లు, 2500 చుట్లకి లేపితే 210. అంటే నిజంగానే నిండింది.

తర్వాత వాడు ఆయిల్ గేజీ లాగి చూశాడు. లాగి, వాసన చూసి, నా వైపు చూశాడు. నూనె పై గీత దాటి వేలెడు పైకి ఉంది. నేను సంతోషించాను, ఇంజిన్ ఆయిల్ తాగడం లేదని. అసలు సంగతి వేరు. రీజనరేషన్ సగంలో ఆగిన ప్రతిసారీ, మసి కాల్చడానికి చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీంచి కిందకి జారి నూనెలో కలుస్తుంది. నూనె పల్చబడిపోతుంది. మరీ ఎక్కువైతే ఇంజిన్ ఆ నూనెనే పీల్చుకుని తిరగడం మొదలుపెడుతుంది, తాళం తీసినా ఆగదు. అందుకే గేజీలో నూనె తగ్గితే కంగారుపడే మనం పెరిగితే ఇంకా కంగారుపడాలి.

"ఏ ఆయిల్ పోశావు మావయ్యా?" అన్నాడు. చెప్పడానికి సిగ్గేసింది. ట్రాక్టర్‌కి కొన్న డబ్బాలో మిగిలింది రెండుసార్లు కారులో పోశాను. నూనె నూనేగా అనుకున్నాను. ఇది నా రెండో తప్పు, దీనికి మందు లేదు.

ఎందుకంటే ఇది మసికీ బూడిదకీ ఉన్న తేడా. మన పొయ్యిలోనే చూడండి. గిన్నె అడుగున పట్టిన మసి మళ్ళీ మంటలో పడితే కాలిపోతుంది. బూడిద? ఎంత మంట పెట్టినా బూడిద బూడిదే, ఎత్తి పారబొయ్యాల్సిందే. ఇంజిన్‌లో కొద్దికొద్దిగా కాలే నూనెలో ఉండే రసాయనాలు ఫిల్టర్‌లో బూడిదగా మిగులుతాయి. అందుకే డీపీఎఫ్ ఉన్న బండికి తక్కువ బూడిద వచ్చే నూనె వాడాలని మాన్యువల్‌లో రాస్తారు. చాలా బండ్లకి డబ్బా మీద సి3 అనో సి2 అనో ఉంటుంది. మన బండికి ఏది రాశారో అదే కొనాలి. ట్రాక్టర్ నూనెకి ఆ లెక్క లేదు.

పని ఎలా చేశాడో చెప్తాను. ముందు కొత్త గొట్టం, 2,650 రూపాయలు. అది కాకుండా మసి కాల్చడం దండగ అన్నాడు. నేను అంతకుముందే ఒక సీసా మందు 1,200 పెట్టి కొని డీజిల్‌లో పోశాను, ఏమీ కాలేదు. లీక్ ఉండగా ఏం పోసినా అంతే. తర్వాత పాత నూనె మొత్తం దించి కొత్తది, కొత్త ఆయిల్ ఫిల్టర్, రెండూ కలిపి 4,800. ఆ తర్వాత బలవంతంగా రీజనరేషన్ చెయ్యాలి. మసి ఒక హద్దు దాటాక బండి తనంతట తను కాల్చుకోదు, లోపల ఒక్కసారి మండిపోయి ఇటుక పగులుతుందని. నాది ఇంకా ఆ చివరి హద్దులో లేదు కాబట్టి స్కానర్‌తో చెయ్యొచ్చన్నాడు. మరీ నిండితే డబ్బా ఊడదీసి శుభ్రం చేయించాల్సిందే. ఇంట్లో సబ్బు నీళ్ళో, యాసిడో పోసి కడిగితే లోపలి పూత పోతుంది, అలా చెయ్యకండి.

సిమెంట్ కళ్ళం మీద పెడదామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. కాఫీ ఆరుతోంది, డీజిల్ వాసన పడితే ఎవరు కొంటారంది. నిజమే, కాఫీ గింజ పక్కనున్న ఏ వాసనైనా పట్టేస్తుంది. రోడ్డు పక్క కంకర పోసిన జాగా చూసి, సిల్వర్ ఓక్ ఆకులు ఒక్కటి లేకుండా ఊడ్చి, బకెట్‌లో నీళ్ళు పెట్టుకుని మొదలుపెట్టాం. ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. బండి కింద వేడికి ఎండుటాకు, గడ్డి అంటుకుంటుంది. మామూలుగా నడిచేటప్పుడు రీజనరేషన్ జరుగుతున్నా సరే, ఎండుగడ్డి మీద ఆపకండి. పాతిక నిమిషాలు ఇంజిన్ తనంతట తనే గట్టిగా తిరిగింది. వెనక గొట్టం దగ్గరికి చెయ్యి పోనివ్వలేదు. పిల్లల్ని మా నాన్న పట్టుకుని దూరంగా కూర్చున్నాడు, ఏదో రాకెట్ ఎగరేస్తున్నట్టు.

తర్వాత ఎస్.కోట దాకా దిగి, టీ తాగి, మూడో గేర్‌లో 2500 చుట్లకి తగ్గకుండా పైకి ఎక్కించాం. ఇంటికొచ్చి కొలిస్తే నిలబడి ఉన్నప్పుడు 6 మిల్లీబార్లు, 2500 చుట్లకి 45. దీపం ఆరిపోయింది. మొత్తం ఖర్చు పది వేల లోపే. మేనల్లుడు డబ్బు తీసుకోలేదు, రెండు కిలోల మిరియాలు కట్టించుకుని పోయాడు.

అంతా బాగైపోయిందని చెప్తే అబద్ధం. ఇలాంటి బండి మామూలుగా మూడు నాలుగు వందల కిలోమీటర్లకి ఒకసారి మసి కాల్చుకోవాలి, నాది ఇప్పుడు 200కే కాల్చుకుంటోంది. నేను పోసిన ట్రాక్టర్ నూనె బూడిద లోపలే ఉంది. ఆ మేరకి జాగా తగ్గిపోయింది. ఏదో ఒక రోజు డబ్బా ఊడదీయించి గాలితో, నీళ్ళతో శుభ్రం చేయించాలి. దానికి డబ్బు పక్కన పెడుతున్నాను.

డబ్బా పీకేయించుకున్నవాళ్ళు మన చుట్టుపక్కలే ఉన్నారు. నేను తిట్టను, నేనూ ఆ గుమ్మం దాకా వెళ్ళినవాణ్ణే. కానీ సంగతి తెలుసుకుని వెళ్ళండి. కంపెనీ ఇచ్చిన బండిని ఇలా మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కుదరదు. పట్టుబడితే ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. అది పక్కన పెట్టినా, బి.ఎస్.4 డీజిల్ కారు కిలోమీటరుకి 25 మిల్లీగ్రాముల మసిపొడి దాకా వదలొచ్చు, బి.ఎస్.6 కారుకి హద్దు 4.5. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది. మన శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంది, చలికాలం పొద్దున్నే లోయలో మంచు ఎలా కూర్చుంటుందో మీకు తెలుసు. ఆ మంచులో వదిలిన పొగ ఎక్కడికీ పోదు. బడికి నడిచే పిల్లలు పీల్చేది అదే. ఇంకోటి, ఆ 18 వేల ఆయన ఆ గొట్టం చీలిక చూసేవాడు కాదు. దీపం ఆర్పేసేవాడు, జబ్బు అలాగే ఉండేది, టర్బో పోయేది.

అడిగారు కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. కొన్ని పెద్ద బండ్లకి డీపీఎఫ్‌తో పాటు ఇంకో ట్యాంకు ఉంటుంది, అందులో యూరియా నీళ్ళు పోస్తారు. నూటికి 32.5 పాళ్ళు యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్ళు. కిందూరి ఒకతను పొలానికి తెచ్చిన బస్తాలోంచి కలిపి పోసేద్దామన్నాడు. దయచేసి వద్దు. మన యూరియాకి 2015 నుంచి వేప నూనె పూత ఉంటోంది, చెత్త కూడా ఉంటుంది. అది పోస్తే ఆ యంత్రం మొత్తం పాడవుతుంది, అదీ లక్షల్లోనే. కొన్నదే పొయ్యండి.

నేను ఇప్పుడు చేసేది ఇంతే. పొద్దున్న స్టార్ట్ చేసిన అర నిమిషానికి మెల్లగా బయల్దేరుతాను, నిలబెట్టి వేడి చెయ్యను. వారానికోసారి ఎక్కుడు దారిలో ఆగకుండా అరగంట నడుపుతాను. కాలిన వాసనొచ్చి ఫ్యాన్ తిరుగుతుంటే ఇంటి ముందుకొచ్చినా ఆపకుండా ఇంకో నాలుగు కిలోమీటర్లు పోయి వస్తాను. డీజిల్ తగలేస్తున్నావని మా నాన్న తిడతాడు. పసుపు దీపం వెలిగితే అదే రోజు చూసుకుంటాను. ఫోన్‌కి కలిపే చిన్న స్కానర్ వెయ్యి రూపాయలకి కొన్నాను, మసి కాల్చడం దానితో కాదు గానీ కోడ్‌లు, ఒత్తిడి చూడొచ్చు. మన చుట్టుపక్కల ఎవరికి దీపం వెలిగినా పట్టుకుపోండి, వర్క్‌షాప్‌కి వెళ్ళేముందు కోడ్‌లన్నీ కాగితం మీద రాసుకోండి, ఒక్కటి కాదు అన్నీ.

పోయిన వారం మరదలిని, గుంటడిని టీకాకి తీసుకెళ్ళాను. గాలికొండ మలుపులో థర్డ్ గేర్‌లోనే ఎక్కింది. మరదలు వెనక నుంచి, "ఈసారి ఈల రావడం లేదేటి బావా" అంది. అంటే ఆ రాత్రి ఆమె కూడా విన్నదన్నమాట.